స్క్రాప్‌బుక్ పేజీల కోసం ట్రాన్స్‌పరెన్సీ ఇంట్లోనే ప్రింట్ చేస్కోవాలంటే: ఇంక్‌జెట్టా, లేజరా, టేపా?

స్క్రాప్‌బుక్ (ఫోటోలు, జ్ఞాపకాలు అతికించే ఆల్బం) పేజీలో ఫోటో అతికించి, దాని మీద ట్రాన్స్‌పరెన్సీ అనే గాజులాంటి పల్చటి ప్లాస్టిక్ షీట్ ఒకటి వేసి, ఆ షీట్ మీద అక్షరాలు గాల్లో తేలుతున్నట్టు కనపడితే ఎంత బాగుంటుందో చేసి చూస్తేగానీ తెలీదు. నేను దీంట్లోకి దిగింది మా అమ్మమ్మ రాసిన ఒక ఉత్తరం వల్ల. ఆ ఉత్తరం, ఆమె ఫోటో రెండూ ఒకే పేజీలో ఉండాలని కోరిక, అసలు ఉత్తరాన్ని జిగురు పెట్టి అతికించడానికి మనసొప్పలేదు, పోనీ జిరాక్స్ తీసి పెడదామంటే ఆ తెల్ల కాగితం ఫోటోని మొత్తం కప్పేస్తోంది. అప్పుడు ఆ చేతిరాతని స్కాన్ చేసి ట్రాన్స్‌పరెన్సీ మీద ప్రింట్ తీస్తే కాగితం మాయమైపోయి రాత ఒక్కటే మిగిలింది, తెచ్చి ఫోటో మీద వేశా, ఆమె పక్కనుంచి ఆమె రాత అలా సాగిపోతూ ఉంది. ఆ తర్వాత ఇంక ఆపలేదు, మూడు నాలుగు పద్ధతులు చేసి చూశా, కొన్ని షీట్లు పాడయ్యాయి కూడా, ఏ పనికి ఏ పద్ధతి సరిపోతుందో అలా తెలిసొచ్చింది.

నా మాట ముందే చెప్పేస్తా, తర్వాత వివరంగా మాట్లాడుకుందాం. అక్షరాలు, చేతిరాత, గీతల బొమ్మలు అయితే లేజర్. రంగుల ఫోటో, వాటర్‌కలర్ లాంటి మెత్తటి రంగులు కావాలంటే ఇంక్‌జెట్. అరచేతిలో పట్టేంత చిన్న ముక్క, కొంచెం పాతబడినట్టు అరిగిపోయినట్టు ఉండాలంటే టేప్‌తో చేసే ట్రాన్స్‌ఫర్. చాలామంది ఇంట్లో ఏ ప్రింటర్ ఉందో దాన్నిబట్టి మొదలుపెడతారు, నేనూ అలాగే మొదలుపెట్టా, కానీ అది తలకిందుల లెక్క, పేజీలో ఏం కనపడాలి అన్నది ముందు తేల్చుకుంటే ప్రింటర్ ఏదో అదే తేలిపోతుంది. ఇంట్లో ఇంక్‌జెట్ ఉన్నా సరే ఒక్క పేజీ నల్లక్షరాల కోసం బయట లేజర్ ప్రింట్ తీయించుకోవడమే మేలు అని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం.

తెలుపు అనే రంగు ఉండదు

ఏ పద్ధతి తీస్కున్నా ముందు ఈ ఒక్క విషయం బుర్రలోకి ఎక్కాలి. మామూలు ప్రింటర్లు దేంట్లోనూ తెల్ల రంగు ఉండదు, కాగితం తెల్లగా ఉంటుంది కాబట్టి మనకి తెలుపు కనపడుతుంది, అంతే. కాగితం తీసేసి ప్లాస్టిక్ పెడితే తెలుపు ఉన్న చోటల్లా ఖాళీ వస్తుంది. ఫోటోలో ఒకరు తెల్ల చొక్కా వేసుకుని ఉంటే ఆ చొక్కా లోంచి కింద ఉన్న కాగితం రంగు కనిపిస్తుంది, పళ్ళు, కళ్ళల్లో తెలుపు కూడా అంతే. నల్ల కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం) మీద రంగుల ట్రాన్స్‌పరెన్సీ వేశారంటే బొమ్మ దాదాపు కనపడదు, ఎందుకంటే ఆ రంగులు వెలుతురుని వడకట్టేవే గానీ కప్పేవి కాదు, కిందనుంచి తిరిగొచ్చే వెలుతురు లేకపోతే వడకట్టడానికి ఏం మిగలదు. పసుపు కాగితం మీద లేత నీలం బొమ్మ వేస్తే ఆకుపచ్చగా మారుతుంది.

దీన్ని షీట్ వేస్ట్ చేయకుండా ముందే చూస్కునే దారి ఒకటుంది, నాకు చాలా పనికొచ్చింది. పేజీని స్కాన్ చేసో ఫోటో తీసో ఏదైనా ఫోటో ఎడిటింగ్ యాప్‌లో పెట్టుకోండి, దాని మీద లేయర్‌గా మీరు ప్రింట్ చేయబోయే బొమ్మ పెట్టి ఆ లేయర్ బ్లెండ్ మోడ్‌ని మల్టిప్లై అని మార్చండి. స్క్రీన్ మీద కనపడేదే దాదాపుగా రేపు పేజీ మీద కనపడేది. బొమ్మ మాయమైపోతుంటే కింద కాగితం మార్చాలి, లేదా షీట్ వెనక బొమ్మ ఉన్నంత మేర తెల్ల కాగితం కత్తిరించి పెట్టాలి, లేదా వెనకవైపు తెల్ల యాక్రిలిక్ పెయింట్ పల్చగా రాయాలి. లేజర్ ప్రింట్ మీద ఈ పెయింట్ బాగా పనిచేస్తుంది. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే ఇంకు లేని వైపు మాత్రమే రాయాలి, ఇంకు ఉన్న వైపు రాస్తే పెయింట్‌లో ఉన్న నీటికి ఇంకు కరిగి అలుక్కుపోతుంది.

ఇంక్‌జెట్

ఇంక్‌జెట్ ఇంకులో ఎక్కువ భాగం నీళ్ళే. కాగితం పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ పీల్చుకోదు. అందుకే ఇంక్‌జెట్ కోసం అమ్మే ట్రాన్స్‌పరెన్సీలకి ఒక వైపు ఇంకుని పట్టుకునే కోటింగ్ ఉంటుంది, ఆ వైపు చేత్తో తడిమితే కొంచెం గరుకుగానో, జిగటగానో తగుల్తుంది. కోటింగ్ లేని షీట్ మీద వేస్తే ఏమవుతుందో నేను కళ్ళారా చూశా. పాత సామాన్లలో ఓహెచ్‌పీ (క్లాసుల్లో వాడిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్) షీట్ల ప్యాకెట్ ఒకటి దొరికింది, కొత్తవి కొనడం ఎందుకులే అని ఇంక్‌జెట్‌లో పెట్టేశా, అవి జిరాక్స్ మెషిన్ల కోసం చేసిన షీట్లు. ఇంకు తామరాకు మీద నీళ్ళలా బొట్లు బొట్లుగా నిలబడిపోయింది, రెండు రోజులు ఆరబెట్టినా వేలు తగిలితే అలుక్కుపోయింది, పైగా ప్రింటర్ లోపల రోలర్లకి అంటుకుని ఆ తర్వాత తీసిన మూడు కాగితాల మీద మరకలు పడ్డాయి. కాబట్టి ప్యాకెట్ మీద ఇంక్‌జెట్ అని రాసి ఉందో లేదో చూడండి, రాసిలేని విడి షీట్లు ఎవరైనా ఇస్తే ఇంక్‌జెట్‌లో పెట్టకండి.

ఏ వైపు ప్రింట్ చేయాలో డౌటొస్తే వేలు కొంచెం తడి చేసి షీట్ మూల మీద పెట్టి చూడండి, అతుక్కున్నట్టు అనిపించిన వైపే కోటింగ్. కొన్ని షీట్లకి ఒక అంచున తెల్లటి పట్టీ అతికించి ఉంటుంది, అది ఎందుకంటే ప్రింటర్ లోపల కాగితం వచ్చిందా లేదా అని కనిపెట్టే సెన్సర్లు కొన్ని పూర్తి పారదర్శకమైన షీట్‌ని గుర్తుపట్టవు, కాగితం లేదు అని చెప్పి ఆగిపోతాయి. ఆ పట్టీ ముందు లోపలికి వెళ్ళేలా పెట్టి ప్రింట్ అయ్యాక పీకేయాలి. పట్టీ లేని షీట్‌ని ప్రింటర్ పట్టుకోకపోతే ముందు అంచున సన్నటి తెల్ల కాగితం పట్టీని టేప్‌తో బాగా చదునుగా అతికించి చూడండి, మధ్యలో లేచి ఉండకూడదు, లేస్తే ఇరుక్కుంటుంది.

సెట్టింగుల సంగతి. ప్రింట్ విండోలో పేపర్ టైప్ దగ్గర ట్రాన్స్‌పరెన్సీ అని ఉంటే అదే పెట్టండి, లేకపోతే ఫోటో పేపర్ సెట్టింగ్‌తో ఒక చిన్న ముక్క తీసి చూడండి. ప్లెయిన్ పేపర్ అని వదిలేస్తే ప్రింటర్ తొందర తొందరగా ఇంకు పోసేస్తుంది, ఒక లైను ఆరకముందే ఇంకోటి పడి రంగులు కలిసిపోతాయి. ఇంకో తిరకాసు కూడా ఉంది, కొన్ని ప్రింటర్లలో నలుపు ఒక్కటి పిగ్మెంట్ ఇంకు (రేణువులది), రంగులు డై ఇంకు (కరిగిన రంగుది), ఫోటో సెట్టింగ్ పెడితే అవి ఆ నలుపుని పక్కన పెట్టి మూడు రంగులూ కలిపి నలుపు తయారుచేస్తాయి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అది అసలు నలుపు కాదు, ముదురు గోధుమో ముదురు ఆకుపచ్చో అన్నట్టు ఉంటుంది. రాత కోసం ఇంక్‌జెట్ వద్దని నేను అనడానికి ఇదొక కారణం.

కానీ రంగుల్లో మాత్రం ఇంక్‌జెట్‌కి సాటి లేదు. డై ఇంకులో రంగు పూర్తిగా కరిగి ఉంటుంది కాబట్టి వెలుతురు దాంట్లోంచి శుభ్రంగా దాటుతుంది, రంగు గాజు కిటికీలా మెరుస్తుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి రేణువుల్లా ఉంటుంది, కొంచెం మబ్బుగా కనపడుతుంది, అయితే ఎండకి వెలిసిపోవడం డై కన్నా నెమ్మది. ఆల్బం మూసి ఉంచేది కాబట్టి నేను డై వైపే మొగ్గుతా, గోడకి ఫ్రేమ్ కట్టి పెట్టే పేజీ అయితే పిగ్మెంట్ అని చెప్తా.

బొమ్మని కూడా కొంచెం తయారుచేస్కోవాలి. మామూలుగా ప్రింట్ చేస్తే షీట్ మీద రంగులు పల్చగా కనపడతాయి, కాబట్టి కాంట్రాస్ట్, సాచురేషన్ (రంగుల గాఢత) రెండూ కొంచెం పెంచండి, రిజల్యూషన్ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉంటే చాలు. ఎంత పెంచాలి అన్నది ప్రింటర్ని బట్టి మారుతుంది, అందుకని ఒకే షీట్ మీద అదే బొమ్మని అగ్గిపెట్టె సైజులో నాలుగు రకాలుగా పెట్టి ఒకసారి ప్రింట్ తీసి, ఏది ఏ సెట్టింగో పక్కన రాసి దాచుకోండి, ప్రతిసారీ అదే చూస్కోవచ్చు.

ఆరడం. ఇక్కడే అందరూ తొందరపడేది. ట్రేలోంచి రాగానే తీస్కోవాలి, ఒకదాని మీద ఇంకోటి పడనివ్వకూడదు, షీట్ అంచులు మాత్రమే పట్టుకోవాలి. కోటింగ్ మంచిదైతే పావుగంటలో ముట్టుకోగలం గానీ నేను మాత్రం రాత్రంతా వదిలేస్తా, వానాకాలంలో అయితే ఇంకో పూట కూడా, ఎందుకంటే ఆ కోటింగ్ గాల్లో తేమని కూడా పీల్చుకుంటుంది. వాడని షీట్లు కూడా అందుకే ప్యాకెట్‌లో గాలి పోకుండా మూసి పెట్టాలి. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టకండి, వేడికి షీట్ వంకర తిరుగుతుంది.

లేజర్

లేజర్ ప్రింటర్‌లో ఉండేది ఇంకు కాదు, టోనర్ అనే ప్లాస్టిక్ పొడి. ఆ పొడిని షీట్ మీద పరిచి, ఫ్యూజర్ అనే వేడి రోలర్ల మధ్యనుంచి పంపిస్తే కరిగి అతుక్కుంటుంది. ఆ వేడి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. లేజర్ షీట్లు పాలియెస్టర్‌తో చేస్తారు, పాలియెస్టర్ కరిగేది 250 డిగ్రీలు దాటాక, పైగా వేడికి ముడుచుకుపోకుండా ముందే తయారుచేసి ఉంటారు, అందుకే తట్టుకుంటాయి. ఇంక్‌జెట్ షీట్‌ని లేజర్‌లో పెడితే ఆ కోటింగ్ కరిగి ఫ్యూజర్‌కి అంటుకుంటుంది. రిపోర్టులకి అట్టలా వేసే పీవీసీ షీట్లు, లామినేషన్ పౌచులు, గిఫ్ట్ చుట్టే సెల్లోఫేన్, వీటిల్లో ఏదీ లేజర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళకండి, షీట్ పోవడం అటుంచి మెషినే పాడవుతుంది.

నేను ఒకసారి మిగిలిపోయిన ఇంక్‌జెట్ షీట్లు పట్టుకుని బయట ప్రింట్ తీయించుకోడానికి వెళ్ళా, అక్కడున్నాయన షీట్ చూడకుండానే మెషిన్‌లో పెట్టేశాడు, నేనూ చెప్పలేదు, సగంలో ఇరుక్కుని ముడతలు పడి వాసన వచ్చింది. తప్పు ఇద్దరిదీ. అందుకే బయట తీయించుకునేటప్పుడు షీట్ వాళ్ళ దగ్గర ఉన్నదే తీస్కోండి, మీది ఇవ్వాల్సి వస్తే లేజర్ అని రాసి ఉన్న ప్యాకెట్‌తో సహా ఇవ్వండి.

ఇంట్లో లేజర్ ఉంటే షీట్లు ఒక్కొక్కటే మాన్యువల్ ఫీడ్‌లోంచి పంపండి, స్టాటిక్ వల్ల షీట్లు ఒకదానికొకటి అతుక్కుని రెండేసి వెళ్ళిపోతాయి. వెనక తలుపు తీస్తే షీట్ వంగకుండా నేరుగా బయటికి వచ్చే ప్రింటర్లు ఉన్నాయి, మీదానికి ఆ దారి ఉంటే అది వాడండి, షీట్ చుట్టుకుపోకుండా చదునుగా వస్తుంది. రాగానే వేడిగా ఉంటుంది, ఒక నిమిషం బల్ల మీద పరిచి ఉంచి తర్వాత పట్టుకోండి.

లేజర్‌లో నాకు నచ్చేది అక్షరం అంచు. కత్తితో కోసినట్టు ఉంటుంది, ఇంకులా పాకదు, ఆరేదాకా ఆగక్కర్లేదు, నీళ్ళు పడినా ఏమీ కాదు. ముఖ్యంగా తెలుగు అక్షరాలకి ఇది చాలా అవసరం, మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ, కింద వత్తులు, పైన గుడులు, చిన్న సైజులో ఇంక్‌జెట్ మీద తీస్తే వత్తు లోపలి సందు పూడిపోయి అక్షరం ముద్దలా అయిపోతుంది. లేజర్‌లో 12 సైజు కూడా చదవగలిగేలా వచ్చింది, ఇంక్‌జెట్‌లో 16కి తగ్గకుండా తీస్తా. ఏ ప్రింటర్ అయినా మరీ సన్నగీత ఫాంట్లు వద్దు, కింద ఫోటో ఉంటే సన్నగీత అందులో కలిసిపోతుంది.

లేజర్‌లో బాగోనిది ఏంటంటే, నల్లగా నిండిన పెద్ద భాగాలు. వెలుతురుకి పట్టి చూస్తే అందులో సూదిపోట్లలా చుక్కలు కనపడతాయి, సమానంగా ఉండదు. కలర్ లేజర్‌లో రంగులు కూడా ఇంక్‌జెట్ అంత తేటగా రావు, టోనర్ పొర వెలుతురుని కొంచెం ఆపేస్తుంది, పసుపు లాంటివి బురదగా కనిపిస్తాయి. ఫోటో లేజర్‌లో తీయాలనే ఉంటే నలుపు తెలుపు ఫోటో తీయండి, అది మాత్రం పాత నెగటివ్ చూస్తున్నట్టు బాగుంటుంది.

ఇంకొక సంగతి, మెరుపు కావాలనుకునేవాళ్ళకి. టోనర్‌కి అతుక్కునే ఫాయిల్ అని దొరుకుతుంది, బంగారం రంగు, వెండి రంగు, రాగి రంగు. లేజర్ ప్రింట్ మీద ఆ ఫాయిల్ పరిచి, ఒక కాగితం మడతలో పెట్టి లామినేటర్ లోంచి పంపిస్తే వేడికి టోనర్ మెత్తబడి ఫాయిల్‌ని పట్టుకుంటుంది, చల్లారాక లాగేస్తే అక్షరాలు మాత్రమే బంగారంలా మిగులుతాయి. ఫాయిల్ కప్పేస్తుంది కాబట్టి నల్ల కాగితం మీద కూడా కనపడుతుంది, మొదట చెప్పిన తెలుపు సమస్య దీనికి లేదు. ఇంక్‌జెట్ ప్రింట్‌తో ఇది కుదరదు.

టేప్‌తో

ప్రింటర్ అసలు లేనివాళ్ళు, లేదా పిల్లలతో కూర్చుని చేసేవాళ్ళు దీంతో మొదలుపెట్టండి. వెడల్పాటి పారదర్శక ప్యాకింగ్ టేప్ కావాలి, జిరాక్స్ కాపీ గానీ లేజర్ ప్రింట్ గానీ పత్రికలో ముక్క గానీ కావాలి. బొమ్మ మీద టేప్ అతికించి, చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దాలి, గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళల్లో ఐదు పది నిమిషాలు నానబెట్టి కాగితాన్ని వేలితో గుండ్రంగా రుద్దుతూ ఉంటే పొరలు పొరలుగా ఊడొస్తుంది, టోనర్ మాత్రం టేప్ జిగురుకి అతుక్కునే ఉంటుంది. ఒకసారి ఆరాక మళ్ళీ తెల్లగా పొర కనిపిస్తుంది, ఇంకోసారి తడిపి రుద్దాలి. ఇంక్‌జెట్ ప్రింట్‌తో చేస్తే నీళ్ళల్లో పెట్టగానే రంగంతా కరిగిపోతుంది, కాబట్టి వద్దు.

దీంట్లో వచ్చే అందం వేరు, అంచులు చిరిగినట్టు, అక్కడక్కడ గీతలు పోయినట్టు ఉంటుంది, పాత స్టాంపులు, మ్యాపు ముక్కలు, టికెట్లు లాంటివాటికి బాగా నప్పుతుంది. అసలు టికెట్‌తో చేయకండి, కాపీతో చేయండి, వెనక్కి తీస్కోలేం. టేప్ వెడల్పు కన్నా పెద్ద బొమ్మ అయితే రెండు పట్టీలు పక్కపక్కన వేయాలి, ఆ అతుకు గీత కనపడుతూనే ఉంటుంది, అందుకే నేను చిన్నవాటికే వాడతా. టేప్ కొనేటప్పుడు యాక్రిలిక్ జిగురు ఉన్నది చూడండి, రబ్బరు జిగురు టేపులు కొన్నేళ్ళకి పసుపు పచ్చబడి పట్టు వదిలేస్తాయి.

ట్రేసింగ్ పేపర్ లాంటి వెల్లం గురించి కూడా అడుగుతారు, అది పారదర్శకం కాదు, మసక అద్దంలా ఉంటుంది, కింద ఫోటో నీడలా కనిపించాలంటే బాగుంటుంది, ముఖం స్పష్టంగా కనపడాలంటే పనికిరాదు. దాని మీద ఇంక్‌జెట్ ఆరడానికి చాలా టైం పడుతుంది, లేజర్ నయం.

మిర్రర్ చేయాలా వద్దా

షీట్ మీద ప్రింట్‌ని అద్దంలో చూసినట్టు తిప్పి తీస్తే, షీట్‌ని తిరగేసి పెట్టినప్పుడు రాత సరిగ్గా కనపడుతుంది, ఇంకు కింది వైపు ఉంటుంది, పైన నున్నటి వైపు. గీతలు పడవు, వేలి తడి తగలదు, మెరుపు కూడా బాగుంటుంది. ప్రింట్ విండోలో మిర్రర్ ఇమేజ్ అనో ఫ్లిప్ హారిజాంటల్ అనో ఉంటుంది, లేకపోతే బొమ్మనే ఎడిటింగ్‌లో తిప్పేయండి. ముందు మామూలు కాగితం మీద ఒకటి తీసి, తిరగేసి వెలుతురుకి పట్టి చదివి చూడండి, ఇది చేయకుండా షీట్ పోగొట్టుకోనివాళ్ళు తక్కువ.

అందరూ ఎప్పుడూ మిర్రరే చేయమని చెప్తారు గానీ నేను ఒక చోట ఒప్పుకోను. కింద ఉన్నది నిగనిగలాడే ఫోటో ప్రింట్ అయి, ఇంక్‌జెట్ కోటింగ్ వైపు నేరుగా దాని మీద ఆనుకుంటే, తేమకి రెండూ అతుక్కుపోయే ప్రమాదం ఉంది, విడదీస్తే ఫోటో పైపొర ఊడొస్తుంది. ఫోటో మీద వేసేటప్పుడు అయితే ఇంకు పైకి వచ్చేలా మామూలుగా తీయండి, లేదా మధ్యలో ఫోమ్ టేప్ (స్పాంజిలా మందంగా ఉండే టేప్) ముక్కలు పెట్టి రెండిటికీ సందు ఉంచండి. సందు పెడితే కింద ఫోటో మీద అక్షరాల నీడ కూడా పడుతుంది, అది ఇంకా అందం. కాగితం మీద వేసేవైతే మిర్రర్ చేసి తీయడమే మంచిది.

లేజర్ ప్రింట్‌కి అతుక్కునే భయం ఫోటోతో కన్నా ప్లాస్టిక్ కవర్‌తో ఎక్కువ. పీవీసీ కవర్లలో మెత్తదనం కోసం కలిపే పదార్థం టోనర్‌ని మెత్తబరిచి లాగేసుకుంటుంది, పాత ఫైళ్ళల్లో జిరాక్స్ కాపీల అక్షరాలు కవర్‌కి అంటుకుని ఉండటం మీరు చూసే ఉంటారు, అదే ఇది. పేజీ ప్రొటెక్టర్లు పాలీప్రొపిలీన్‌వి తీస్కోండి.

షీట్ ఏ ప్లాస్టిక్ అన్నది కూడా అడగాలి. పాలియెస్టర్ చాలా కాలం నిలకడగా ఉంటుంది. క్రాఫ్ట్ వాళ్ళు అన్ని పారదర్శక షీట్లనీ అసిటేట్ అనేస్తుంటారు, నిజంగా సెల్యులోజ్ అసిటేట్ అయితే అది పాతబడేకొద్దీ వెనిగర్ వాసన వచ్చే ఆమ్లాన్ని వదుల్తుంది, పాత సినిమా రీళ్ళు పాడయ్యేది అలాగే. పీవీసీ కూడా కాలం గడిచేకొద్దీ ఆమ్ల వాయువు వదుల్తుంది. ఫోటోల పక్కన పెట్టే సామాను ఫోటోకి హాని చేస్తుందా లేదా అని పరీక్షించడానికి ఐఎస్ఓ 18916 అనే ప్రమాణం ఉంది, ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ అంటారు, ప్యాకెట్ మీద ఆ టెస్ట్ పాసయిందని రాసుంటే మంచిది. ఏదేమైనా మళ్ళీ దొరకని ఒకే ఒక్క ఫోటోని మాత్రం ఏ షీట్ కిందా పెట్టకండి, కాపీ తీయించి కాపీనే పెట్టండి.

సైజు, అతికించడం

స్క్రాప్‌బుక్ పేజీ 12 అంగుళాల చదరం అయితే ఏ4 షీట్ వెడల్పు 8.27 అంగుళాలే, పేజీ మొత్తం కప్పదు. ఏ3 తీస్కుంటే సరిపోతుంది అనుకుంటారు, దాని పొట్టి వైపు 11.69 అంగుళాలు, అంటే మూడో వంతు అంగుళం తక్కువ, నేను కత్తిరించబోయే ముందు కొలిస్తే తెలిసింది. నిజంగా పేజీ అంతా పరవాలంటే ఏ3 ప్లస్ పట్టే ప్రింటర్ ఉండాలి, అది 13 అంగుళాల వెడల్పు. ఒక్క పేజీ కోసం అంత పెద్ద ప్రింటర్ జోలికి పోవడం కన్నా ఏ4 షీట్‌ని పేజీకి ఒక పక్కన నిలువు పట్టీలా వాడి, అంచుని రిబ్బన్ కింద దాచేయడం నా పద్ధతి.

జిగురు మాత్రం కనపడుతుంది, అది గుర్తుపెట్టుకోండి. గమ్ రాసి అతికిస్తే కింద మరకలా పరుచుకుని ఉంటుంది, గ్లూ గన్ పెడితే వేడికి షీట్ ముడతపడుతుంది. బ్రాడ్లు (వెనక రెండు కాళ్ళు విడదీసి మడిచే పిన్నులు), ఐలెట్లు (చిల్లుకి వేసే లోహపు రింగులు), స్టాప్లర్ పిన్నులు, కుట్టు మిషన్ మీద ఒక కుట్టు, ఇవన్నీ బాగుంటాయి, చిల్లు ముందే చేసి పెట్టుకోవాలి. మిషన్ కుట్టు వేస్తే కుట్టు పొడవు ఎక్కువ పెట్టండి, దగ్గర దగ్గరగా పడితే చిల్లుల వరస వెంబడే షీట్ చిరుగుతుంది. జిగురే కావాలంటే నల్లగా ముద్దగా ప్రింట్ అయిన భాగం వెనక, లేదా మీద ఇంకో స్టిక్కరో పువ్వో వచ్చే చోట, చిన్న గ్లూ డాట్ పెట్టండి.

అతికించే గొడవే వద్దనుకుంటే వెనక గమ్ ఉన్న పారదర్శక స్టిక్కర్ షీట్లు ఉన్నాయి, ఇంక్‌జెట్‌వి వేరు, లేజర్‌వి వేరు. చిన్న లేబుళ్ళకి, తేదీలకి హాయిగా ఉంటాయి. పెద్ద ముక్క అయితే ఒక్కసారికే సూటిగా పడాలి, వంకర పడితే తీయలేం, గాలి బుడగలు కూడా మిగుల్తాయి, అందుకే నేను చిన్నవాటి వరకే ఆగిపోయా.

చేతిరాత స్కాన్ చేసేవాళ్ళకి

ఇది విడిగా చెప్పాలి, నాకు బాగా కష్టం కలిగించింది ఇదే. పాత ఉత్తరం కాగితం తెల్లగా ఉండదు, పసుపు పచ్చగా, మడతల గీతలతో ఉంటుంది. కంటికి అది కాగితం, ప్రింటర్‌కి మాత్రం అదీ రంగే, అలాగే ప్రింట్ చేస్తే షీట్ మొత్తం బూడిద రంగు చుక్కలతో మాసిపోయినట్టు వస్తుంది. 600 డీపీఐలో గ్రేస్కేల్ స్కాన్ చేసి, ఎడిటింగ్ యాప్‌లో వెలుగు నీడలు సరిచేసే లెవెల్స్‌లో తెలుపు వైపు ఉన్న స్లైడర్‌ని కాగితం పూర్తిగా తెల్లబడేదాకా జరపండి, నలుపు వైపుది రాత చిక్కబడేదాకా జరపండి. మరీ ఎక్కువ జరిపితే కలం ఒత్తి రాసిన చోటుకీ తేలిగ్గా తీసిన చోటుకీ తేడా పోతుంది, ఆ తేడాలోనే కదా మనిషి చెయ్యి కనపడేది, అందుకని కొంచెం మరక మిగిలినా పర్లేదు, బ్రష్‌తో ఒక్కో మరకనీ చెరిపేయొచ్చు, పోయిన రాతని మాత్రం తేలేం.

మా అమ్మమ్మ ఉత్తరం మొదటిసారి ఇంక్‌జెట్ మీద తీశా, వత్తులు పూడిపోయాయి, నలుపు గోధుమగా వచ్చింది. రెండోసారి లేజర్ మీద తీస్తే ఆమె సున్నాలు చుట్టే తీరు కూడా తెలిసింది, చివర్లో చిన్న తోక వదిలేవారు. కింద ఉన్నది అసలు ఫోటో కాదు, దానికి తీయించిన కాపీ, మధ్యలో నాలుగు ఫోమ్ టేప్ ముక్కలతో సందు పెట్టి పైన ఫ్రేమ్‌లా కార్డ్‌స్టాక్ వేశా, షీట్‌ని మాత్రం పై అంచున రెండు బ్రాడ్లతోనే పట్టించా. ఎత్తితే ఆమె ఒక్కతే, దించితే ఆమె మాటలు.